పిట్టలాయన చెరిపేసిన పాట

బస్సు డిపోలో ఇంజిన్ల రొద మధ్య సగం జీవితం గడిపిన మనిషికి పిట్టల పాటలు రికార్డు చేసే పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ అంతుపట్టదు. అందరికీ ఆయన పిట్టలాయన. తెల్లారకముందే మైకునీ, హెడ్‌ఫోన్లనీ, వాటితోపాటు భార్యనీ పడవలో ఎక్కించుకుని చిత్తడి నేలలోకి బయల్దేరతాడు. తెడ్డు వేసేది ఆవిడే. నోరు మెదపకూడదన్నది షరతు. అసలే వాగుడుకాయ. అక్కడున్నంతసేపూ నోరు కట్టేసుకుని, ఇంటికొచ్చాక వడ్డీతో సహా మాట్లాడుతుంది.

అక్కడ పలికే పిట్టలన్నీ ఆయన మిషన్లోకి ఎక్కాయి, ఒక్కటి తప్ప. అది జమ్ముగడ్డిలో దాక్కునే ఎర్రముక్కు పిట్ట, గొంతు మహా సన్నం. కుర్రతనంలో విన్నాడు. మళ్లీ ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. రెండేళ్లుగా దానికోసమే కాపు కాస్తున్నాడు. ఇంటికి రావడం, ఆసాంతం వినడం, ‘ఖాళీ!’ అని విసుక్కుని చెరిపేయడం. ఇదీ వరస.

ఆ ఉదయం ఆవిడ తెడ్డు వదిలేసి ఆయన మోచెయ్యి గిల్లింది.

“అదిగో, ఎర్రముక్కు! మీ పిట్టేనండీ!”

ఆయనకి ఒళ్లు మండిపోయింది. “రికార్డింగంతా పాడు చేశావు కదే! కూయనీ ముందు.”

“కూస్తూనే ఉందిగా! రోజూ వినేదే. ఇదే మీ పిట్టని నాకేం తెలుసు? ఇవాళేగా కనబడింది!”

చేతికందేంత దూరంలో పిట్ట నోరు తెరుస్తోంది, మూస్తోంది. మిషన్ మీద పచ్చదీపాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయనకి మాత్రం నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. శబ్దం పెంచాడు. చివరికి హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకి పెట్టాడు. ఆ కూత మోతకి ఆవిడ ఉలిక్కిపడి గబుక్కున తీసేసింది.

లోపం వైర్లో లేదు, ఇంజిన్ల రొద తినేసిన తన చెవుల్లో ఉంది; అంత సన్నటి గొంతు వాటికి అందడం లేదు. ఇన్నాళ్లూ ఆ పాటని చేతులారా తనే చెరిపేశాడు. పిట్ట ఎగిరిపోయింది. ఆయనకి దుఃఖం ఆగలేదు, పడవలోనే ఏడ్చేశాడు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, “ఎలా కూసిందో కూసి చూపించు,” అన్నాడు.

“నేనా? ఎవరైనా వింటే నవ్విపోతారు!” అంటూనే ఆవిడ గొంతు సవరించుకుంది. అంత సన్నంగా పోలేక, తన బొంగురు గొంతుకి దించుకుని, విరుపులు మాత్రం తప్పకుండా కూసింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. అదే. కుర్రతనంలో విన్నదే.

“ఇంకోసారి,” అని, మైకు ఆవిడవైపు తిప్పాడు.