అద్దం దగ్గరి బొట్టు

శామీర్‌పేట దాటిన తరువాత, ఒకప్పుడు రాధమ్మగారి ద్రాక్షతోట ఉన్నచోట ఇప్పుడు సౌరఫలకాల కర్మాగారం నడుస్తున్నది. అందులో మేడ్చల్ అమ్మాయి సృజన లేజర్ గదికి పెద్ద. గాజుపలకపై ఒకదానిమీద ఒకటిగా పరచిన పలుచని పూతలను గీతలుగా చీల్చి, పలకను పట్టీలుగా విడదీయడం ఆమె పని. ఆ లేజర్ కాంతి ఎడతెగక వెలిగేది కాదు; ఊహకందనంత చిన్న తునకలుగా పడుతుంది. వేడి పక్కకు పాకేలోపే పైపూత ఆవిరైపోతుంది, కిందిపూత చెక్కుచెదరదు. అయితే గీత ఎక్కడైనా తెగకపోతే పట్టీలు కలిసిపోయి, పలక కరెంటు సరిగా ఇవ్వదు.

నిరుటి ఆయుధపూజనాడు మేనేజరు రఘునందన్ కుంకుమ పళ్లెంతో నేరుగా లేజర్ కింద, కాంతి దాటివచ్చి పలకపై పడే అద్దం దగ్గరకు నడిచాడు.

"సార్, అద్దంకాడ వద్దు. బయట డబ్బకు పెట్టుండ్రి," అన్నది సృజన.

"అమ్మవారి బొట్టుకి నువ్వు చోటు చూపిస్తావేంటమ్మా? కన్ను ఇక్కడుంటే బొట్టు వీపుకి పెడతామా?"

యాప్రాల్‌లో కాపురమున్న ఆ కోస్తా పెద్దమనిషి చమత్కారానికి అందరూ నవ్వారు. యజమానురాలు రాధమ్మ కూడా నవ్వి, యంత్రానికి చేతులు జోడించింది.

రాలిన కుంకుమ అద్దానికి అంటుకున్నది. మర్నాడు కాంతి దానిని అక్కడే మాడ్చింది. మచ్చ అడ్డుపడిన చోటల్లా గీతలు తెగలేదు. పంపిన సరుకు తిరిగివచ్చింది. రఘునందన్ స్వయంగా అద్దం ఊడదీసి, అంచున ఇంకా ఎర్రగా ఉన్న మాడిన మరక తుడిచి, "ఈ అమ్మాయి అద్దం శుభ్రం చెయ్యలేదండీ," అని రాధమ్మకు చెప్పాడు. సృజన జరిగినది చెప్పబోగా రాధమ్మ మండిపడింది.

"దేవుని బొట్టు మీద తప్పు పెడ్తవా పిల్లా?"

సృజనను వెనుకనున్న ప్యాకింగ్ హాలుకు మార్చారు. గాలి తిరిగినప్పుడల్లా జవహర్‌నగర్ చెత్తగుట్టల వాసన ఆ హాలంతా నిండుతుంది. ఇతరులు గీసిన పలకలను అట్టపెట్టెల్లో సర్దుతూ, ఆమె ఏడాదిపాటు తన కసిని పదిలంగా పెంచుకున్నది. తన మాట ఎవరూ నమ్మరు. కనుక ఆ నిజం రాధమ్మ ఎదుట, రఘునందన్ నోటినుండే రావాలి. అంతలోపల అతడు ఉద్యోగం మాని వెళ్లిపోతాడేమోనన్నదే ఆమెకున్న భయం.

అతడు వెళ్లలేదు. మళ్లీ దసరా వచ్చింది. ఈసారి అతడు గది తలుపుకు మాత్రం బొట్టుపెట్టి వెనుదిరిగాడు. సృజన వినయంగా, రాధమ్మకు వినబడేటట్లు అడిగింది.

"సార్, నిరుడు కన్నుకు పెట్టిండ్రు గద? గీసారి తలుపుకేనా?"

"తలుపుకి చాలమ్మా."

"ఏంది సార్?" అన్నది రాధమ్మ. "మనకు అన్నం బెట్టే మిషన్. నిరుడు పెట్టినకాడనే పెట్టుండ్రి."

"లోపల దుమ్ము పడుతుందండీ..."

"కుంకుమ దుమ్మా, సార్?" అన్నది సృజన.

రాధమ్మ ముఖం ఎర్రబడింది. "జరుగుండ్రి, నేనే పెడ్త," అని పళ్లెం లాక్కొని లోపలికి నడిచి, గుప్పెడు కుంకుమతో అద్దం మీదికి వంగింది.

రఘునందన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దండీ! కుంకుమ పడితే అద్దం మాడిపోతుంది, గీత తెగదు. నిరుడు సరుకు పోయింది అందుకేనండీ!"

రాధమ్మ మెల్లగా చేయి విడిపించుకున్నది.

"గీ పిల్ల గదే జెప్పబోయింది గద. నేనే తిట్టి పంపిన." ఆమె సృజన వైపు తిరిగింది. "బిడ్డా, ఇయాల్టిసంది నువ్వు లేజర్ కాడికి రా. సార్, ప్యాకింగ్ మీరు సూసుకోండ్రి."

అందరూ ప్రసాదానికి కదిలిన పిమ్మట రఘునందన్ గొంతు తగ్గించి అడిగాడు: "ఇంతమందిలో పరువు తీశావు. ఇప్పుడు చల్లగా ఉందా?"

"ఇంకా కాలేదు సార్. జవహర్‌నగర్ గాలి మీ దిక్కు తిరగనియ్యుండ్రి."

పళ్లెంలో మిగిలిన కుంకుమను పొట్లం కట్టి, ప్యాకింగ్ హాలులో ఏడాదిపాటు తాను కూర్చున్న బల్లపై అతని కోసం పెట్టి, ఆమె చేతులు శుభ్రంగా కడుక్కొని లేజర్ గదిలోకి వెళ్లింది.