మూడో నోరు

సూరత్ మరమగ్గాల మీద బతికే మనవాళ్ల మాటలకు మా తెలుగు సారు నిఘంటువు రాస్తుండేవాడు. కొత్త మాట వింటే చాలు, చొక్కా జేబులోంచి చీటీ తీసి అన్నవాళ్ల పేరు రాసుకునేవాడు. మూడు నోళ్లు పలికితేనే ఆ మాట పుస్తకంలోకి ఎక్కాలి. ఆ చీటీలు సాపు రాసే నాకు ఈ పట్టింపు విసుగు పుట్టించేది.

ప్లేగు వచ్చిన ఏడాది డాక్టర్లు ‘న్యుమోనిక్’ అన్నారు. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు.

“గ్రీకు మాట. మనోళ్ల నోట్ల తిరుగుతదా, చూద్దాం” అన్నాడు సారు.

వారం తిరక్కుండానే కండెలు చుట్టే ఆమె అంది, పక్కింటి ముసలాయన అన్నాడు. చీటీ మీద రెండు పేర్లు పడ్డాయి.

తర్వాత సారు భార్యకు జ్వరం, దగ్గితే రక్తం. ఆస్పత్రిలో మేమిద్దరం మంచం పక్కన నిలబడి ఉంటే, మూతికి కట్టిన గుడ్డలోంచి ఆమె అడిగింది.

“నాకు గూడ న్యుమోనిక్కేనా?”

సారు చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. మర్నాడు ఆమె పోయింది.

ప్లేగుకు భయపడి పారిపోయినవాళ్లంతా తిరిగొచ్చి మగ్గాలు మళ్లీ ఆడాక, ఆ న్యుమోనిక్ చీటీ ఆయన ముందు పెట్టి, ఎక్కిద్దామా అని అడిగాను.

“రెండు నోళ్లే అయినయి గదా” అన్నాడు. “ఇంకొకలు అననియ్యి.”