రెండు లోడ్లలో ఒకటి

పెబ్బేరు సంత దారిలో ఒక వైండింగ్ షాపులో ఎల్లయ్య పదకొండేళ్లు రాగితీగ చుట్టాడు. కాలిపోయిన బోరు మోటర్లు ట్రాక్టర్ల మీద అతని ముందుకు వచ్చేవి. మూత విప్పకముందే వాసన పట్టి చెప్పేవాడు, ఇది నీళ్లు లేక కాలింది, ఇది ఒక ఫేజు పోయి కాలింది, ఇది ఆకలితో కాలింది అని. ఆకలితో కాలడం అన్న మాట అతనిదే. వోల్టేజీ పడిపోయినంత మాత్రాన మోటరు ఆగదు. చాలని కరెంటునే ఇంకా ఇంకా గుంజుకుంటూ, ఒళ్లు వేడెక్కి, లోపలి రాగి బొగ్గయ్యేదాకా తిరుగుతుంది.

గద్వాల శివార్లలో పత్తి విత్తనాల కంపెనీ ఒకటి 2005లో గోదాము కట్టి, జనరేటరు చూసుకునే మనిషి కోసం వెతికితే ఎల్లయ్య వెళ్లి చేరాడు. ఉప్పునుంతల నుంచి మట్టి పనికి పోయిన గుంపులో, ఎక్కడో కాలువ గట్టు మీద గుడిసెలో పుట్టినవాడు. వాళ్ల ఇంట్లో ఏడాది పొడుగునా ఒకే ఊళ్లో పని దొరికిన మొదటి మనిషి అతనే. ఆ జీతం అండ చూసుకునే అతని భార్య శాంతమ్మ గోదాము వెనకాల ఎకరంన్నర చేను, బోరుతో సహా, కౌలుకు పట్టి విత్తనాల పత్తి వేసింది.

మూడేళ్లలో గోదాము పెరిగింది. గింజలు ఆరబెట్టే పెద్ద మిషను వచ్చింది. చల్లటి గదులు వచ్చాయి. చివరికి ఒక సర్వరు వచ్చింది. ఏ రైతు చేనులో ఏ విత్తనం, ఏ బస్తాలో నూటికి ఎన్ని గింజలు మొలిచాయి, అన్నీ దాని కడుపులోనే. దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. గది తాళంచెవి ఎల్లయ్య జేబులోకి వచ్చింది.

బయట భాద్రపదం ఉడుకుతుంటే, తలుపు తోస్తే లోపల మాఘమాసం. నల్లటి పెట్టె మీద ఆకుపచ్చ దీపాలు, నిద్రలో మిణుకుమనే కళ్లలా. దాని చప్పుడులో దగ్గు లేదు, ఆయాసం లేదు. ఎల్లయ్య దాని ముందు చెప్పులు విప్పి నిలబడేవాడు. దుమ్ము పోకూడదని అందరూ విప్పుతారు. అతను విప్పడంలో మాత్రం కొంచెం భయం ఉండేది.

సర్వరుకు రెండు పవర్ సప్లైలు. ఒకటి యూపీఎస్ నుంచి, రెండోది సూటిగా గోడ ప్లగ్గు నుంచి. మామూలుగా రెండూ చెరి సగం మోస్తాయి. ఒకటి పడిపోతే రెండోది మొత్తం ఎత్తుకుంటుంది. ఏది ఎన్ని వాట్లు తీసుకుంటోందో సర్వరు తనే కొలుచుకుని హైదరాబాదు ఆఫీసుకు చెబుతుంది.

2008 సెప్టెంబరులో అక్కడి తెర మీద ఒక వింత కనిపించసాగింది. రోజూ ఉదయం పది దాటగానే రెండో సప్లై దగ్గర సున్నా. ఒంటిగంటకు మళ్లీ ఎప్పటిలా నూట ఎనభై వాట్లు. కంప్యూటర్లు చూసే ఇంజనీరు శ్రీనాథ్ హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు.

"ఎల్లయ్యా, ఆ ప్లగ్గు ఎందుకు పీకుతున్నవ్?"

"ప్లగ్గు నేను ముట్టలే సార్."

"మరి టైం పెట్టినట్టు పదింటికే ఎట్ల పోతది? కుక్కర్ గిట్ల పెట్టి అన్నం వండుతున్నవా?"

"నేను ఇంటికాడి సద్ది తెచ్చుకుంట సార్."

"సద్ది సల్లగుంటది గద. ఉడుకు చేసుకుంటున్నవేమో."

ఎల్లయ్య పక్కనే ఉన్న గోదాము మేనేజరు శ్రవణ్ కుమార్ నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక అన్నాడు, "వారం దినాలల్ల తేల్చు ఎల్లయ్యా. నువ్వు పీకలే అంటే ఎవరు పీకిన్రో చూపియ్యి. లేకుంటే గదికి ఇంకో మనిషిని చూస్తం. నాకైతే నీ మీద కోపం లేదు."

కోపం లేకుండా తీసేసే ఉద్యోగానికి మొరపెట్టుకునే దారి కూడా ఉండదని ఎల్లయ్యకు తెలుసు.

మర్నాడు ఇంటి నుంచి టాంగ్ టెస్టర్ తెచ్చుకున్నాడు. తీగను కోయకుండా దవడల మధ్య పట్టుకుంటే లోపల ఎంత కరెంటు పారుతోందో చెప్పే మీటరు అది. ఎనిమిది గంటలకు, అంతా బాగున్న వేళ, రెండో సప్లై నల్లటి తీగను దవడల మధ్య పట్టాడు. సున్నా. సర్వరు పక్కనున్న తెర మీద చూస్తే నూట ఎనభై. తను నమ్మింది మీటరునే. ఫోన్ చేసి చెప్పాడు, "ఇప్పుడు గూడ సున్నానే ఉంది సార్. ప్లగ్గు అయితే పెట్టే ఉంది."

"ఈడ నూట ఎనభై కనవడ్తుంది. అంటే ఇప్పుడే తీగ గుంజి ఉత్తగ తగిలించినవన్నట్టు. నీ నోటితోనే చెప్పినవ్," అన్నాడు శ్రీనాథ్.

ఫోన్ పెట్టాక ఆ పెట్టె ముందు కూర్చున్నాడు. ఊరికే, చేతులకు పని కావాలని, మొదటి సప్లై తీగను కూడా దవడల మధ్య పట్టాడు. అక్కడా సున్నా. కానీ పెట్టె తిరుగుతూనే ఉంది. రెండు తీగల్లోనూ ఏమీ లేకపోతే అది దేనితో బతుకుతున్నట్టు?

అప్పుడు సిగ్గు ఒంటినిండా పాకింది. మోటరుకు మూడు తీగలు, మూడు రంగులు, దేనికదే. పదకొండేళ్లు ఒక్కో తీగనే పట్టడం అతని చేతికి అలవాటు. ఈ నల్లటి తొడుగులో పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటినీ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మీటరుకు ఏమీ మిగలదు. అతని తల్లి దసరా పోయాక గంప ఎత్తుకుని పోయేది, తొలకరికి తిరిగొచ్చేది. ఊరి లెక్కలో ఆమె ఎప్పుడూ ఊళ్లోనే ఉంది. మధ్యలో మోసిన మట్టి ఏ మీటరులోనూ పడలేదు.

రెండు పాత తీగలు తీసి, పై తొడుగు చీల్చి, ఫేజునూ న్యూట్రల్‌నూ విడదీశాడు. వాటిని సర్వరుకు తగిలించి ఒక్కో ఫేజు తీగను పట్టాడు. సున్నా పాయింటు ఎనిమిది ఆంపియర్లు ఇటు, సున్నా పాయింటు ఎనిమిది అటు. చెరి సగం. తెర మీది అంకె నిజమే. పదీ ఇరవైకి రెండో తీగ చచ్చిపోయింది, మొదటిది ఒకటిన్నర దాటింది. వెంటనే గోడ ప్లగ్గులో వోల్టేజీ చూశాడు. పొద్దున రెండువందల ఇరవై ఐదు ఉన్నది నూట అరవై ఎనిమిదికి పడి ఉంది. అంత సన్నటి కరెంటు మీద ఆ సప్లై పని చేయదు. తనంతట తనే పక్కకు తప్పుకుంటుంది. మోటరులా మొండిగా తిరిగి కాలిపోదు.

ప్లగ్గు ఎవరూ పీకలేదు. కరెంటే రాలేదు.

ఎందుకు రాలేదో చూడడానికి గోదాము వెనక్కి నడిచాడు. గోడ అవతల ట్రాన్స్‌ఫార్మర్. దాని కింద పద్దెనిమిదేళ్లుగా చేన్ల మోటర్లు, ఇప్పటికి పందొమ్మిది. ఆరు ట్యూబులైట్లున్న రోజుల్లో గోదాముకు "ఇప్పటికిట్ల" అంటూ దాని మీంచే లైను లాగారు. తర్వాత ఆ తీగకే ఆరబెట్టే మిషను తగిలించారు. మిషనుకూ మోటర్లకూ త్రీఫేజు కావాలి. పగటి వంతు త్రీఫేజు వచ్చేది పది నుంచి ఒంటిగంట దాకే. ఆ మూడు గంటలూ అందరూ ఒకే గిన్నె మీద పడతారు.

శాంతమ్మ చేనులో ఉంది. విత్తనం కోసం ఆ ఉదయం చేత్తో పుప్పొడి అద్దిన పూలు ఇంకా తెల్లగా ఉన్నాయి. నిన్న అద్దినవి గులాబీ రంగుకు తిరిగాయి. ఆ రంగు మారడంలో ఏదో రహస్యం ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఆమె మాత్రం పూల వైపు చూడడం లేదు. బోరు పైపు ముందు కూర్చుని ఉంది.

"ఏందయ్యా, డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చినవ్?"

"మోటర్ ఎట్ల పోస్తుంది?"

"కండ్లు లేవా? ముసలోని ఉచ్చ లెక్క పోస్తుంది."

"ఎప్పటిసంది గిట్ల?"

"మీ గింజల మిషన్ చాలు చేసిన కాడిసంది. అది గుర్రుమంటే ఇది మూలుగుతది. అది ఆగితే ఇది దునుకుతది."

"ఇన్ని దినాలు నాకు చెప్పకపోతివి."

"రెండుసార్లు మోటర్ కాల్తే నువ్వే కూసోని చుట్టితివి. చుట్టేటోనికి తెల్వదా ఎందుకు కాలిందో?"

ఎల్లయ్య రెండుసార్లూ ఆ వాసన పట్టాడు. ఆకలి వాసనే. అన్నం ఎవరు తింటున్నారని మాత్రం అటువైపు తిరిగి చూడలేదు.

మూడు రోజులు గంట గంటకూ వోల్టేజీ రాసుకున్నాడు. నాలుగో రోజు మేనేజరు గదిలో కూర్చుని తెల్లకాగితం మీద తెలుగులో రిపోర్టు రాశాడు. ఇంగ్లీషులో తను పంపుతానన్నాడు శ్రవణ్ కుమార్. మిషను ఎప్పుడు తిరిగింది, మోటర్లు ఎప్పుడు తిరిగాయి, రెండో సప్లై ఎప్పుడు పడింది, అన్నీ వరసగా రాసి చివరికి వచ్చాడు. "ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు లోడ్లు ఉన్నవి. రెండింటిలో ఒకటి వేరు చేయవలెను."

అక్కడ కలం ఆగింది. కంపెనీది అని రాయాలి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి అని, జీతమిచ్చే మనిషి బల్ల ముందు కూర్చుని, అతని కాగితం మీద, అతనికే చెప్పాలి. ముందు వచ్చింది మోటర్లు, వెనక వచ్చింది మిషను. ఏది వేరు చేయాలో చిన్న పిల్లవాడికైనా తెలుస్తుంది కదా అనుకున్నాడు. అంత తెలిసిన మాటను మళ్లీ రాయడం పొగరుగా ఉంటుందనిపించింది. చుక్క పెట్టి సంతకం చేశాడు.

శ్రీనాథ్ మరునాడే ఫోన్ చేశాడు. "ఎల్లయ్యా, ఏమనుకోకు. జర తొందరపడ్డ. మా ఇంజనీర్లకు గూడ ఇది తట్టలే."

"పర్వాలేదు సార్," అన్నాడు ఎల్లయ్య. ఆ రోజంతా ఛాతీలో ఏదో వెలుగుతున్నట్టే ఉంది. ఇంటికి వెళ్లి శాంతమ్మకు చెప్పాలనుకున్నాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిగిన నాడు చెబుదామని ఆగాడు.

రిపోర్టు పంపిన పన్నెండో రోజు పది దాటింది, పదిన్నర అయింది. రెండో సప్లై పడలేదు. నూట ఎనభై. పదకొండుకూ నూట ఎనభై. అతను నవ్వుకుంటూ తలుపు తీసుకుని గోదాము వెనక్కి వెళ్లాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ లేదు. పాత దాని మీదికి నిచ్చెన వేసి ఉంది. చేన్ల వైపు పోయే తీగలు తెగి, చుట్టలు చుట్టుకుని గడ్డిలో పడి ఉన్నాయి. పందొమ్మిది పైపుల్లో ఒక్కదాని చప్పుడూ లేదు. ఆ మౌనం మీద మిషను హాయిగా, నిండు కడుపుతో తిరుగుతోంది.

"గిదేంది సార్?" అన్నాడు మేనేజరు దగ్గరికి పరుగెత్తి.

"నువ్వే రాసినవ్ గద, ఒకటి వేరు చేయాలని. మోటర్లను కరెంటోళ్లు వాగు అవతలి ట్రాన్స్‌ఫార్మర్‌కు కలుపుతరు."

"ఎప్పుడు సార్?"

"స్తంభాలు రావాలె. రెండు నెల్లు పట్టొచ్చు."

"కాయ పడ్డది సార్. రెండు నెల్లు ఆగదు. కంపెనీది వేరు చేయాలనే నేను రాసిన."

"ఏడ రాసినవ్? చూపియ్యి."

ఎల్లయ్య ఇంకో కాగితం అడిగాడు. మొదటిదాన్ని దిద్దుతానన్నాడు. శ్రవణ్ కుమార్ సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మాట మెత్తగానే ఉంది.

"రాయి. నాకేం అడ్డం లేదు. కానీ మొన్నటిది తప్పని నువ్వే రాస్తే, శ్రీనాథ్ సారు ఏమంటడు? మొత్తం రిపోర్టే తప్పంటడు. అప్పుడు ప్లగ్గు పీకిందెవరని మళ్ల మొదటికొస్తది. ఆలోచించుకో."

కాగితం చాలాసేపు తెల్లగానే ఉంది. ఏసీ గాలికి దాని అంచు లేస్తూ పడుతూ ఉంటే ఎల్లయ్య చేత్తో నొక్కి పట్టుకున్నాడు. తర్వాత చేయి తీశాడు.

సాయంత్రం ఇంటి ముందు రైతులు కూర్చుని ఉన్నారు. మాట్లాడింది బక్కయ్య ఒక్కడే, శాంతమ్మకు మేనమామ, ఆమె పక్క చేనువాడు.

"ఏందిరా అల్లుడా, కాయితం రాసినవంట."

"మీ కోసమే రాసిన మామా."

"మంచిగ రాసినవ్. మేం పందొమ్మిది మందిమి. అందర్ని కలిపి ఒకటి అని రాసినవంట. గా లెక్క యాడ నేర్సినవ్?"

ఎవరో గొంతులో నవ్వి ఆపుకున్నారు. శాంతమ్మ గడప లోపల నిలబడి విన్నది. బయటికి రాలేదు, తిట్టలేదు. పొద్దున్నే బిందె పట్టుకుని చేనుకు పోయింది. చేదబావిలో మిగిలిన నీళ్లు తోడి, ఒక్కో చెట్టు మొదట్లో దోసెడు పోసింది. ఎకరంన్నరలో ఎన్ని చెట్లుంటాయో ఆమెకు తెలుసు. నాలుగో రోజుకు బావి అడుగు కనిపించింది. నిమ్మకాయంత కాయలు పచ్చగానే ఉండి, ముట్టుకుంటే రాలాయి. పుప్పొడి అద్దిన గుర్తుగా కాయకు కట్టిన ఎర్ర దారాలు మాత్రం కొమ్మలకు అలాగే వేలాడాయి, ఎవరి పెళ్లిదో తెలియని పందిరి తోరణాల్లా.

స్తంభాలు డిసెంబరులో వచ్చాయి. అప్పటికి చేనులో కట్టెలే ఉన్నాయి.

అదే నెలలో కంపెనీ గింజలేరే కూలీలను పిలిచింది. గేటు దగ్గర ఆడవాళ్ల వరసలో శాంతమ్మ కనిపించింది. సర్వరు గది తలుపు దగ్గర చెప్పులు విప్పబోతున్న ఎల్లయ్య మళ్లీ తొడుక్కుని గేటు దాకా నడిచాడు.

"ఇంట్ల ఒక మాట చెప్పకపోతివి," అన్నాడు.

"నువ్వు చెప్పి రాసినవా?"

అతను పక్కకు తప్పుకున్నాడు. ఆమె కొంగు విప్పి, దుమ్ము పోకుండా ముక్కుకూ నోటికీ అడ్డంగా బిగించి కట్టుకుని, ఆరబెట్టే మిషను వైపు పోయే ఆడవాళ్లలో కలిసి లోపలికి వెళ్లింది.