కళ్లు తెరవని ఆంజనేయుడు, కంప్యూటర్లో మాయం

నా ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చెప్తాండా, ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే దీని హార్డ్‌డిస్క్ ఇప్పుడే పగిలిపోనీ.

నేను నంద్యాలలో ఒక మిఠాయి అంగడి పైగదిలో కూర్చుని, చిన్న వ్యాపారాలకు జావా అనే కంప్యూటర్ భాషలో వెబ్‌సైట్లు రాసిస్తుంటాను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే అన్న ఒకాయన సైట్ చేయమన్నాడు. నచ్చిన విగ్రహాన్ని నొక్కితే జాబితాలో చేరాల. కరెంటు పోయి వచ్చినా జాబితా పోగూడదు. అందుకని నొక్కిన ప్రతిసారీ జాబితా మొత్తాన్ని మూటగట్టి డిస్కులో దాచేటట్టు రాసినాను. జావాలో అట్లా మూటగట్టాలంటే లోపలుండే ప్రతి వస్తువుకూ ‘సీరియలైజబుల్’ అనే ముద్ర ఉండాల. ఒక్కదానికి లేకున్నా మూట మొత్తం కట్టుకోదు. విగ్రహానికి ముద్ర వేసినాను. బాగానే ఉండింది.

అన్నకు ఒక పట్టింపు.

"ఆ ఆంజనేయుణ్ణి విగ్రహమని రాసినావేందప్పా? ఇంకా కళ్లు తెరిపించలేదు. అంతదాకా అది రాయే."

"కొనేవాళ్లకు తెలుస్తాదా అన్నా?"

"నాకు తెలుసు గదా. మార్చు."

సరేనని ‘రాయి’ అని ఇంకో రకం పుట్టించినాను. రెండూ ఒకే జాబితాలో పట్టాలని, ఏ రకమైనా చొరబడేటట్టు దాని తలుపులు బార్లా తెరిచిపెట్టినాను. రాయికి ముద్ర వేసేది మరిచినాను.

బండి ఆత్మకూరు వైపు నుంచి గుడి కమిటీ పెద్దలొచ్చిన పొద్దు నేనూ అన్న అంగడిలోనే ఉన్నాను. అన్నకు ఆ ఏడు అంత పెద్ద బేరం ఇంకోటి రాలేదు. తేడా వస్తే పక్క అంగడికి పోతారు. పొద్దున్నంతా కొట్లాడుకుని, అంగడిలోని కంప్యూటర్లో దేవుళ్లను ఎంచినారు. మొదట నొక్కింది ఆ ఆంజనేయుణ్ణే. అందరినీ ఎంచినాక కరెంటు పోయింది. వచ్చినాక చూస్తే జాబితా ఖాళీ.

"యాడికి పోయినారప్పా మా దేవుళ్లు?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అన్న నా వైపు తిరిగినాడు. నా నోరు ఊరుకోదు గదా.

"ముందు నిలబడినాయన కళ్లు తెరవని ఆంజనేయుడు పెద్దాయనా. దారి కనపడక వాకిలికి అడ్డంగా నిలబడిపోయినాడు. ఆయన్ని దాటలేక అందరూ ఆగిపోయినారు. టీ తాగి రాండి, దాటిస్తా."

"వీడు ప్రోగ్రామ్ రాసేవాడా, హరికథలోడా?" అని నవ్వుకుంటా పోయినారు.

ఇంక చూసుకో నా పరుగు. జావాలో జాబితాకు జెనెరిక్ టైపు అని హద్దు పెట్టొచ్చు. ముద్ర ఉన్నవే లోపలికి అని రాసినాను. ఆ క్షణమే రాయి కింద తప్పుందని ఎర్రగీత పడింది. ఈ పని మొదట్లోనే చేసి ఉంటే, రాసిందాంట్లో తప్పులు ముందే పట్టే కంపైలరే నా చెవి మెలిపెట్టేది. రాయికి ముద్ర వేసినాను.

భుజం మీంచి చూస్తాన్న అన్న, "రాయిని మూటగట్టొచ్చని రాసిస్తే గానీ కదలదా ఇది? మా లారీవాడు ఎప్పుడూ అడగలేదే!" అన్నాడు.

పెద్దలు గొణుక్కుంటా మళ్లీ ఎంచినారు. పెద్దాయన స్విచ్చి దగ్గరికి పోయినాడు. "ఇప్పుడు ఆపితే?"

"ఆపి చూడు" అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఆపినాడు. వేసినాడు. ఆంజనేయుడు ముందు, మిగతావాళ్లు వెనక, అందరూ తెర మీదికొచ్చినారు. పెద్దాయన చెప్పులు విడిచి తెరకు దండం పెట్టి బేరం ఖాయం చేసినాడు.

ఇందులో కాలు మీద కాలు మాత్రం కల్పన. నిజానికి పెద్దాయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "వద్దు పెద్దాయనా, బిరీన బేరం రాసుకుందాం" అని బతిమాలినాను. విదిలించుకుని ఆపేసినాడు. చెప్పులు విడిచి దండం పెట్టింది మాత్రం నిజమే. కాకపోతే పెట్టింది నేను.