ముగ్గుపిండి ఇంట్లో నా గది

ఇప్పుడు ఎవరైనా కొత్తగా ఇల్లు కడుతున్నామని రంగురంగుల ప్లాను తెచ్చి చూపిస్తే, బాగుందని చెప్పేలోపు నాకొక సందేహం వస్తుంది: దీంట్లో ఎవరైనా నడిచి చూశారా అని. పైకి అడగను. అడిగితే పెద్దవాణ్ణయిపోయానని జాలిపడతారు. ఆ రోజుల్లో మా జంగమకోటె వైపు పునాది తవ్వేముందు ఇంటిని నేల మీద ముగ్గుపిండితో అసలు కొలతల్లో గీసేవాళ్ళు. గీసి ఊరుకునేవాళ్ళు కాదు. ఇంటిల్లిపాదీ కొన్నాళ్ళు దాంట్లో తిరిగేవాళ్ళు. వంటిల్లని గీసిన చోట కూర్చుని మధ్యాహ్నం సంగటి తినేవాళ్ళు, గోడని గీసిన చోట ఆగేవాళ్ళు, వాకిలికని వదిలిన సందులోంచే వచ్చిపోయేవాళ్ళు. ఇరుకనిపిస్తే కాలితో గీత చెరిపి ఇంకోచోట గీసేవాళ్ళు. కట్టిన గోడ కొట్టేయడం కంటే ఇది చవక కదా.

నేను మాత్రం బెంగళూరులో పెరిగినవాణ్ణి. మా నాయన అక్కడ సర్కారు కచేరిలో గుమాస్తా. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో ఫోను, చెవిలో ఎవరో ఒకరి అరుపు. అక్కడ అందరికీ మెత్తగా జవాబు చెప్పాలి గనక, మింగిన కోపమంతా దాచుకుని సెలవుల్లో ఊరికి మోసుకొచ్చేవాణ్ణి. (ఆ లగేజీకి ఏ కండక్టరూ టికెట్టు అడగలేదు.) ఊర్లో పాత ఇల్లు కురుస్తోంది, కొత్తది కట్టాలని తాత కబురు పెడితే, మా నాయనకు సెలవు దొరక్క నన్ను పంపాడు. నేను సంతోషంగా బయల్దేరాను, ఎందుకంటే నాకు అందులో సొంత అవసరం ఒకటి ఉంది.

కైవార వైపు నాకు సంబంధం కుదిరింది. గృహప్రవేశం కాగానే పెళ్ళి. ఆ తర్వాత పెళ్ళికూతురు ఊర్లోనే ఉంటుంది, సెలవులకు నేను వచ్చిపోతాను. పాత ఇంట్లో అందరం ఒకే నడవలో వరసగా చాపలేసుకుని పడుకునేవాళ్ళం. ఈ చివర తాత దగ్గితే ఆ చివర చిన్నాయన ఒత్తిగిలేవాడు. పెళ్ళయ్యాక ఆ వరసలోనే ఇంకో చాప పడుతుందన్న ఊహకే నాకు చెమటలు పట్టేవి. నాకొక గది కావాలి. లోపల గడియ ఉన్న గది. ఆ మాట తాతతో ఎట్లా అనడం? అందుకని నేను గీసుకెళ్ళిన ప్లానులో తూర్పు మూల ఒక గది పెట్టి, దానికి 'ఆఫీస్ రూమ్' అని పేరు రాశాను. అంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

తాత ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "నక్షె బాగుండాదప్పా," అన్నాడు. "ఇదేంది?"

"డ్రాయింగ్ రూమ్, తాతా."

"దాంట్లో యాం చేస్తారు?"

"వచ్చినవాళ్ళు కూర్చుంటారు."

"కూర్చునేదానికి గోడలేంటికప్పా? అరుగు చాలదా?"

ఇటుక ఎంత, సున్నం ఎంత అని నేను వేసుకొచ్చిన ఖర్చు లెక్కను ఆయన చూడనేలేదు. ఆయన బడ్జెట్టు వేళ్ళ మీద ఉండేది, అదీ రూపాయల్లో కాదు, పట్టుగూళ్ళ పంటల్లో. "ఈ పంటకు పునాది. వచ్చే పంటకు గోడలు. దాని పై పంటకు కప్పు. తలుపులూ కిటికీలూ ఆ పైది," అన్నాడు. పంట చెడితే ఇల్లు ఎంతవరకు లేచిందో అక్కడే ఆగుతుంది. (మా ఊర్లో అట్లా మోకాలెత్తు గోడలతో నిలిచిపోయిన ఇళ్ళు కొన్ని ఉండేవి. వాటిలో గుమ్మడి తీగలు కాపురం చేసేవి.) బెంగళూరులో ఇట్లా ఎవరైనా లెక్క చెప్తే నవ్వుతారు తాతా, అన్నాను. "నవ్వనీలేప్పా. ఇంతకూ ఈ నక్షెలో పురుగులు యాడ?" అన్నాడు తాత.

నేను కాగితం వైపు చూశాను. పట్టుపురుగులకు చోటే లేదు. మా వైపు పురుగులు లేకుండా ఇల్లు గీసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. తడబడకుండా, "పెరట్లో ఒక షెడ్డు వేద్దాం," అన్నాను. చాటలో ముగ్గుపిండి పట్టుకుని నిలబడ్డ మా జేజి, అంటే నాయనమ్మ, నింపాదిగా, "ఇంటికి దుడ్డు తెచ్చేవాళ్ళను పెరట్లో పెట్టి, తినేవాళ్ళు లోపల కూర్చుంటారా నాయనా?" అంది.

మర్నాడు ముగ్గుపిండి ఇల్లు తయారైంది. నా ప్లాను ప్రకారమే గీశారు, పాపం, ఆ మర్యాద చేశారు. తర్వాత జేజి కాలు పని మొదలుపెట్టింది. తిరగమోత ఘాటు పురుగులకు పడదని వంటిల్లు అటు చివరికి పోయింది. పురుగుల తట్టలు దొంతరగా పెట్టే కొయ్య చట్రాలకు చోటు చాలదని డ్రాయింగ్ రూమ్ చెరిగిపోయింది. మల్బరీ ఆకు కోసుకొచ్చి పోసేదానికి తావు కావాలని నడవ సగమైంది. పురుగుల గది రోజురోజుకూ పెరుగుతూ నా ఆఫీసు రూము గోడ దాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం అందరం వంటింట్లో, అంటే ఎర్రటెండలో, సంగటి ముందు కూర్చున్నప్పుడు జేజి ఆ గీత దగ్గర కాలు ఆనించి, "ఈ ఆఫీసు రోంత జరుపుకోరాదా నాయనా?" అంది.

బెంగళూరు నుంచి మోసుకొచ్చిన కోపమంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఇది ఇల్లా, పురుగుల సత్రమా? మీరే కట్టుకోండి, మీరే ఉండండి," అని తిన్నగా పొలం వైపు నడిచాను.

"గోడప్పా, గోడ," అన్నాడు చిన్నాయన.

నేను టక్కున ఆగిపోయాను. చిన్నాయన నవ్వడం లేదు. "అట్ల గోడలోనుంచి పోతాండావే. వాకిలి ఈ పక్కన ఉండాది," అన్నాడు, తెలియని ఊర్లో దారి చెప్పినట్టు. ఒక్క అడుగు వేస్తే గీత దాటిపోతాను. కానీ తల పగులుతుందేమోనన్నట్టు అందరూ నా నుదుటి వైపే చూస్తున్నారు. వెనక్కి తిరిగి, సగమైన నడవలో ఒద్దికగా నడిచి, పురుగుల గదిని చుట్టి, వాకిట్లోంచి బయటికి పోయాను. అక్కడ తల కూడా కొంచెం వంచాను, ఎందుకో నాకే తెలియదు. అంత దూరం నడిచేసరికి కోపం సగానికి సగం దారిలోనే పడిపోయింది. అప్పుడే ఎవరిదో మేక ఒకటి నాలుగు గోడల్లోంచి దూసుకుని వచ్చి, నా సంగటి ముద్ద వాసన చూసింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. "రా నాయనా, చల్లారిపోతాండాది," అని జేజి పిలిస్తే, మళ్ళీ వాకిట్లోంచే లోపలికొచ్చి తిన్నాను.

రెండు రోజుల తర్వాత, సిడ్లఘట్ట సంతకు గూళ్ళు తోలుకుపోతూ మా కాబోయే మామ దారిలో దిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కూతురిని ఇచ్చే మనిషి, ఆమెకొక గది ఉండాలని ఆయనకు మాత్రం ఉండదా? ఆయన గీత బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి, మొట్టమొదట, "పురుగులు యాడ పెడతాండారు?" అని అడిగాడు. చూపించారు. చేతులు చాచి కొలిచి, తల ఊపాడు. ముఖం వెలిగింది. ఆ తర్వాత తూర్పు మూలకొచ్చాడు.

"ఇదేంది?"

"ఆఫీసు రూము బావా," అన్నాడు చిన్నాయన. "మావాడు టెలిఫోను పని కదా."

"ఊర్లో టెలిఫోను ఉండాదా?"

"లేదు."

"అయితే ఆఫీసేంటికి?"

అందరూ నా వైపు తిరిగారు. రోజూ అంతమందికి జవాబులు చెప్పేవాణ్ణి, వంగి గీత మీద పిండి సర్దుతూ కూర్చున్నాను. మామ ఆ మూల నిలబడి పైపంచె ఎగరేసి చూశాడు. "గాలి బాగ వస్తాండాది. పురుగులు నాలుగో జ్వరం దాటినాక ఈడ పెడితే దివ్యంగా ఉంటాది," అన్నాడు. (పురుగు పొర విడిచేదాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది దాటాక దాని తిండికీ చోటుకీ అంతుండదు.) జేజి కాలు లేచింది.

"అది పురుగులకు కాదు మామా, మీ కూతురికి," అని అరిచాను.

ఎక్స్ఛేంజిలో ట్రంకు కాలు సరిగా వినపడని వాళ్ళ కోసం వాడే గొంతు అది. పక్క పొలంలో మడక దున్నుతున్నవాడు ఎద్దుల్ని ఆపాడు. మామ దగ్గి, పైపంచె సర్దుకున్నాడు. చిన్నాయన ఆకాశంలో ఏదో వెతుక్కున్నాడు. తాత, "వాన వస్తాదంటావా?" అని అతన్నే అడిగాడు. ఏ గోడలోంచి పారిపోవాలో చూసుకుంటున్నాను. జేజి మాత్రం లేపిన కాలు మెల్లగా దించి, చాటలోంచి పిండి తీసుకుని, నా గది చుట్టూ గీత మీద మళ్ళీ గీత పోస్తూ వచ్చింది. "ఈ గోడ రోంత మందంగా ఉండాల," అంది, ఎవరి వైపూ చూడకుండా. "పిల్లోడి గొంతు పెద్దది."

ఇల్లు లేచింది, పంటకు రోంత చొప్పున. మందమైన గోడలతో నా గదీ లేచింది. వాకిలికొక తలుపు బిగించి గృహప్రవేశం కానిచ్చారు, పెళ్ళయింది. అప్పుడొక పంట దెబ్బతింది. తాత బడ్జెట్టులో లోపలి తలుపులు ఆ పంటకు రాసి ఉన్నాయి గనక, నా గదికి గుమ్మం ఉంది, తలుపు లేదు. గోనెపట్టా వేలాడదీశారు. కొత్త కాపురంలో మేమిద్దరం ఎంత మెల్లగా మాట్లాడుకునేవాళ్ళమంటే, సగం మాటలు ఒకరివొకరికి ఇప్పటికీ అందలేదు. తర్వాతి పంట బాగా వచ్చింది. తలుపు వచ్చింది. వంటింటి కిటికీ మాత్రం ఇంకో పంటకు వాయిదా పడింది. గడియ నేనే చింతామణికి పోయి, అన్నిటికంటే పెద్దది ఎంచి తెచ్చాను. "గోడౌనుకా సామీ?" అని అడిగాడు అంగడాయన.

దాన్ని బిగించిన వారంలోనే పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పెద్ద గది చాల్లేదు. నేను సెలవు మీద బస్సు దిగి వచ్చేసరికి మా ఆవిడ నడుం మీద తట్ట పెట్టుకుని మా గదిలోకి పోతోంది. లోపల అప్పటికే చట్రాలు నిలబెట్టారు. మా చాప, దిండ్లు వరండాలో ఉన్నాయి. అంత పెద్ద గడియ, లోపల నుంచి వేసుకునేదానికి మనుషులెవరూ లేక ఊరికే వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి, నా పక్కన కూర్చుని, "అరవద్దు, రోంత వినండి," అంది.

విన్నాను. లోపల వేల నోళ్ళు ఆకు నములుతున్నాయి, సన్నగా తుంపర పడుతున్నట్టు.

"వినపడతాండాదా? అది మన వంటింటి కిటికీ," అంది.

అరవడానికి తెరిచిన నోటితో, కిటికీ ఏ పక్కకు పెట్టిస్తే బాగుంటుందని అడిగాను. ఆమె లేచి, వేలితో గాలిలో గీసి చూపించింది. ఆ బెంగళూరు కోపిష్టి, చాప మీద కూర్చుని, అంత బుద్ధిగా ఆ లేని కిటికీలోంచి బయటికి చూడ్డం తలుచుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడి మీద నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.