ఎండాకాలపు సముద్రం

మొన్న అంగట్లో కల్లుప్పు అడిగితే, అంగడాయన మెత్తటి ఉప్పు పొట్లం చేతిలో పెట్టి, ధర దాని మీదే అచ్చేసి ఉందన్నాడు. మా ఇంటి అంగట్లోనే పుట్టి పెరిగినవాణ్ణి. బేరానికి చోటులేని ఉప్పు పట్టుకుని నిలబడితే, ఒకప్పుడు నేను బేరమాడి దక్కించుకున్న సముద్రం గుర్తొచ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లూ నేనక్కడ ఒక చిన్న బడిలో మూడో తరగతి అయ్యవారిని. జేబులో ఎప్పుడూ వేయించిన శనగలుండేవి కాబట్టి పిల్లలకు నేనంటే ప్రాణం. పాఠం వల్లనే అనుకునేవాణ్ణి. ఆఫీసులతోపాటు కోస్తా వాళ్లు దిగారు. ఇళ్లు చాలక గుడారాల్లో కాపురాలు పెట్టారు. అలా వచ్చిన ఒక గుమాస్తాగారి భార్య, బందరావిడ, మా బడిలో నాలుగో తరగతికి టీచరమ్మగా చేరింది.

రెండు తరగతులకూ మధ్య ఒక తడికే అడ్డం. అవతల ఆవిడ పిల్లలను చేయీచేయీ పట్టించి వరసగా నిలబెట్టి, ముందుకు ఉరికించి, వెనక్కి జరిపించి, అల అంటే ఇదీ అనేది. ఎండ్రకాయలు ఇసుకలో బొక్కలు చేసుకుని దూరడం, బురదలోంచి మడచెట్ల వేళ్లు ఊపిరి కోసం పైకి పొడుచుకు రావడం చెప్పేది. ఇవతల నా పిల్లలు తడిక సందుల్లో కళ్లు పెట్టేవారు. నేను వాళ్ల వీపులకు ఎక్కాలు చెప్పేవాణ్ణి. ఆవిడ గొంతు బాగుందని కూడా కోపమే.

"టీచరమ్మ సముద్రంలో ఆడుకునిందంట సార్. నువ్వు చూసినావా?" అని ఒకడు అడిగేశాడు.

"మా అంగట్లో ఉప్పు యాడనుంచి వస్తాదనుకున్యావురా?" అన్నాను. చూశానని అనలేదు, చూడలేదనీ అనలేదు.

అంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. పెద్దసారు సముద్రం పాఠం ఆవిడ చేత చెప్పిద్దామన్నాడు. నేను ఊరుకుంటానా? ఆయన ఇంటికి పోయి, ఆవిడకు కొండలిప్పించి సముద్రం నాకివ్వమన్నాను. ఆవిడ కొత్త మనిషి, బెదురుతుందన్నాను. కావలసిన సామానంతా మా అంగడి నుంచే తెస్తానన్నాను.

"నీ నోటితో ఎవురు గెలుస్తారప్పా! తీసుకో, సముద్రం నీదే," అన్నాడు పెద్దసారు.

ఆవిడ నవ్వి, సరేనండీ అంది. అదీ నాకు నచ్చలేదు.

ఆ రోజు గంగాళం నిండా నీళ్లు, అందులో తట్టెడు కల్లుప్పు, అంచున తుంగభద్ర ఇసుక. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, ఆవిడ గుమ్మంలో. పాఠం బాగా నడుస్తుండగా ఒక పిల్ల లేచింది.

"సార్, ఎండాకాలం సముద్రం యాడిదాకా ఎండిపోతాది?"

వేసవిలో ఎండిన మా ఏట్లో ఇసుక తవ్వి చెలమలు తోడుకుని కడవలు నింపుకునే వాళ్లం. నాకు వేరే ఊహ ఎక్కడినుంచి వస్తుంది? "మోకాటిలోతుకు దిగుతాదిమ్మా. అప్పుడే చెలమలు తోడి ఉప్పు తీస్తారు," అన్నాను, తూకం వేసినంత ధీమాగా. ఇన్‌స్పెక్టరుది అనంతపురం వైపు. "అంతే, అంతే!" అని తలూపి, మెచ్చుకుంటూ పుస్తకంలో రాసుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆవిడ దగ్గరికి వచ్చింది. "సముద్రం ఎండదండీ మేష్టారూ. రోజుకు రెండుసార్లు వెనక్కి వెళ్లి వస్తుంది, అంతే. పిల్లలకి మీరే చెప్పండి. నేను చెబితే బాగుండదు," అంది మెల్లగా. ఇన్‌స్పెక్టరు ముందు ఒక్క మాట అని ఉంటే నా పరువు గంగాళంలో కలిసేది. అనలేదు. ఆ మంచితనం చూసి ఇంకా ఎక్కువ కుళ్లుకున్నాను.

మర్నాడు పిల్లలకు చెప్పాను. ఎలా చెప్పాను! "నిన్న మిమ్మల్ని పరీక్షించినా. ఒక్కరన్నా తప్పు పట్టినారా?" అని గద్దించి, ఆవిడ మాటలే నా మాటలుగా దింపేశాను. "మా సారుకు శానా తెలుసు!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. తడిక అవతల ఆవిడకు అంతా వినబడే ఉంటుంది. కొండల పాఠం సాగిస్తూనే ఉంది.

క్షమించమని రేపు అడుగుదాం, పరీక్షలయ్యాక అడుగుదాం అనుకున్నాను. రాజధాని హైదరాబాదుకు మారింది, గుడారాలు లేచాయి, ఆవిడా వెళ్లిపోయింది. రేపు, రేపు అంటూ నేను వాయిదా వేసిన రోజులే, చూస్తూ ఉండగానే, ఆ మాట వినడానికి మనిషి లేని ఏళ్లయిపోయాయి.