షరతు మీద పరుగు

తన కాళ్లతో తాను పరుగెత్తడానికి ఒక మనిషి ఇంకెవరి అనుమతి తీసుకోవాలి? జవాబుకు తొందరపడకండి. నలభై నాలుగేళ్ల నళినిని అడిగినా, ఎవరి అనుమతీ అక్కర్లేదనే చెప్పేది. చెప్పి, మరునాడు ఆబిడ్స్‌లోని తమ మ్యాచింగ్ సెంటర్‌లో గల్లాపెట్టె ముందు నిలబడి భర్తను అనుమతి అడిగేది. అడిగింది కూడా.

ఆ దుకాణం భర్త మహీధర్ తండ్రి పెట్టినది. గల్లా మీద మహీధర్ కూర్చుంటాడు. జాకెట్టు గుడ్డల తానుల దగ్గర నళిని నిలబడుతుంది. ట్యూబులైటు కింద రంగును నమ్మకూడదు కనుక, చీర తెచ్చిన మనిషిని గుమ్మం దాటించి ఎండలోకి తీసుకెళ్లి, కొంగు పక్కన గుడ్డ పెట్టి చూపించడం ఆమె పని. పెళ్లయిన నాటి నుంచీ అదే పని. షుగర్ వచ్చే సూచనలున్నాయని డాక్టరు హెచ్చరించిన ఏడాది ఆమె నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో నడక మొదలుపెట్టింది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ బాగే ఆమ్ అనే పిలుస్తారు.

అక్కడ నడిచేవాళ్ల జట్టుకు ఇంద్రసేన అనే రిటైరైన గుమాస్తా పెద్ద. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: కలిసి మొదలుపెట్టినవాళ్లు కలిసే ముగించాలి. ముందు వెళ్లినవాళ్లు గేటు దగ్గర ఆగాలి. ఆఖరి మనిషి చేరేదాకా ఎవరూ చాయ్‌కి కదలకూడదు. నళిని నడక కొన్నాళ్లకు పరుగైంది, కాని నియమం నియమంగానే ఉంది. తోటంతా చుట్టివచ్చి, ఒళ్లు చెమటతో తడిసి, గేటు దగ్గర నిలబడి ఇంద్రసేన కోసం ఎదురుచూసేది.

"ఏంది నళినమ్మా, గాలి లెక్క ఉరికి లాభమేంది? చాయ్ అయితే నాతోనే తాగాలె కదా" అని ఆయన వస్తూ వస్తూ ఎగతాళి చేసేవాడు.

"మీరు జల్ది నడిస్తే నాకు జల్ది దొరుకుతది సార్."

ఆ జట్టులో ఆమెతో సమంగా కాకపోయినా ఆమె వెనకాల పరుగెత్తే మనిషి లహరి ఒక్కతే. నళిని వయసులో సగం, ఆబిడ్స్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని. ఆమె తాతగారు ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఏలూరు నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు. లేహ్‌లో జరిగే మారథాన్ సంగతి మోసుకొచ్చింది లహరే. దూరం నలభై రెండు కిలోమీటర్లు. ఎత్తు, ఊపిరి సరిగా అందనంత. ఆ సాయంత్రమే నళిని గల్లాపెట్టె ముందు నిలబడింది.

"లేహా? గాడ మిలిట్రీవాళ్లకే ఊపిరాడదంట" అన్నాడు మహీధర్, నోట్లకు రబ్బరు బ్యాండు చుడుతూ.

"అలవాటు పడెదాక వారం రోజులు గాడనే ఉంటం."

"బతుకమ్మ గిరాకీ ముంగట పెట్టుకొని దుకాణం ఇడిసిపోతవా?"

"గిరాకీ షురూ కాకముందే వస్త."

"వస్తవ్. వచ్చి ఇంకో ఊరి పేరు చెప్తవ్. దీనికి అంతున్నదా?"

నళినికి ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు మనిషి తన హక్కును తానే తాకట్టు పెట్టుకుంటుంది. "గిదొక్కటి ఉరుకుత. ఆఖరిదాక ఉరకలేకపోతే మళ్ల బూట్లు ముట్ట. సరేనా?"

"పక్కా?"

"పక్కా."

మెరూన్ రంగు చీర పట్టుకుని నిలబడిన గిరాకీ ఆమె నవ్వింది. "నేను సాక్షిని మహీధరన్నా. వదినా, మీ పంచాయితీ అయితే జర నాకు గుడ్డ చూపియ్."

ఆ షరతు నళిని నోటి నుంచే వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ తరువాతి నెలలన్నీ ఆమెను నిద్రపోనివ్వనిది అదే. మహీధర్ చెడ్డవాడు కాడు. నాంపల్లి స్టేషన్‌లో లహరితో పాటు ఢిల్లీ రైలు ఎక్కించేటప్పుడు పెట్టె సీటు కిందికి నెట్టి, మందుల సంచీ రెండుసార్లు తడిమి చూశాడు. కాని రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని, "మాట యాదికుండనీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఢిల్లీ నుంచి మనాలి. మనాలి నుంచి రెండు రోజులు కనుమల మీదుగా బస్సు. లేహ్ చేరేసరికి లహరి వాంతులతో వాడిపోయింది. నళినికి తల పగిలిపోతున్నట్టుంది. హైదరాబాదు మే నెల ఎండలో గంటల తరబడి పరుగెత్తిన మనిషి ఇక్కడ లాడ్జి మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడాల్సివచ్చింది. వారం గడిచేకొద్దీ ఊపిరి దారికి వచ్చింది. ఆకాశం మాత్రం దారికి రాలేదు. పోటీ రోజు తెల్లవారేసరికి మేఘాలు కొండల నడుముల దాకా దిగాయి, పరుగు మొదలైన కాసేపటికే మంచుతో కలిసిన వాన మొహాన కొట్టడం మొదలుపెట్టింది.

నళిని తల వంచుకుని పరుగెత్తింది. రోడ్డు పక్కన సింధు నది బూడిద రంగులో పారుతోంది. సుల్తాన్ బజార్‌లో కొన్న ఉన్ని గ్లౌజులు నీళ్లు పీల్చి రాళ్లలా బరువెక్కాయి. అయినా కాళ్లు ఆడుతున్నాయి, ఒంట్లో వేడి నిలిచింది. ముప్ఫైయవ కిలోమీటరు దగ్గర ఒక గేటు ఉందని, నిర్ణీత సమయం దాటి వచ్చినవాళ్లను అక్కడే ఆపేస్తారని నిర్వాహకులు ముందే చెప్పారు. తన వేగం చూసుకుంటే ఆ గేటు భయం లేదు. సగం దూరం దగ్గర వంతెన దాటి వెనక్కి తిరిగి చూసింది. వాన తెరలో లహరి జాడ లేదు.

ఆమె ఆగింది.

లహరి ఆగమని అడగలేదు. అలాంటి ఒప్పందం వాళ్ల మధ్య ఏనాడూ జరగలేదు. ముందు వెళ్లిన మనిషి ఆగాలన్నది ఏళ్ల తరబడి రోజూ పొద్దున ఆ కాళ్లు నేర్చుకున్న పాఠం. కాళ్లే ఆగాయి. నాంపల్లిలో గేటు దగ్గర ఆగితే చెమట ఆరుతుంది. ఇక్కడ ఆగితే ఒంట్లో వేడే ఆరిపోతుందని ఆ కాళ్లకు తెలియదు.

నీళ్ల బల్ల దగ్గరున్న స్థానిక యువతి హిందీలో గట్టిగా మందలించింది: "దీదీ, నిలబడొద్దు, కదులుతూ ఉండండి."

"ఒక్క నిమిషం. మా పిల్ల వస్తుంది" అంది నళిని, తనకు వచ్చిన హిందీలో.

ఆ ఒక్క నిమిషం చాలా నిమిషాలైంది. ముందు వేళ్ల కొసలు మొద్దుబారాయి, తరువాత దవడ తనంతట తానే వణకడం మొదలుపెట్టింది. చివరకు లహరి కనిపించింది, నెమ్మదిగా, కాని గడియారం ముల్లులా ఒకే తీరున వస్తూ.

"ఏంటక్కా, ఏమైంది? ఎందుకు ఆగారు?"

"నీ కోసమే."

"నన్నడిగారా?" లహరి గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. "పదండి, పదండి."

నళిని అడుగు వేసింది. పిక్క కొయ్యలా బిగుసుకుంది. రెండో కాలు మాట విన్నది, మొదటిది వినలేదు. కుంటుతూ కొంత దూరం వెళ్లారు. లహరి తన వేగం తగ్గించడం గమనించగానే నళిని ఆమె భుజాన్ని ముందుకు తోసింది.

"నువ్వు ఉరుకు."

"మిమ్మల్ని వదిలేసా?"

"ఇద్దరం ఆగితే ఇద్దరం పోతం. ఉరుకు అంటున్న."

లహరి రెండుసార్లు వెనక్కి చూసి వెళ్లిపోయింది. నళిని నడిచింది, ఈడ్చుకుంది, కొంత దూరం పరుగెత్తింది కూడా. కంటికి గేటు కనబడేసరికి అక్కడి మనుషులు తాడు అడ్డంగా కట్టేస్తున్నారు. డాక్టరు ఆమె వేళ్లను చూసి, మారుమాట లేకుండా కంబళి కప్పి వ్యానులో కూర్చోబెట్టింది. ఎవరో ఆమె ఛాతీ మీది నంబరు పిన్నులు విప్పారు. తానే విప్పుదామనుకుంది గాని వేళ్లు పనిచేయలేదు.

ముగింపు రేఖ దగ్గరి గుడారంలో లహరి ఆమెను వెతికి పట్టుకుంది. మెడలో పతకం ఉంది, మొహంలో సంతోషం లేదు. పక్కనే చతికిలబడి, చాలాసేపు నళిని చేతులను తన చేతులతో రుద్దింది. తరువాత పతకం తీసి ఆమె మెడలో వేసింది.

"ఇదేంది?"

"ఒక ఫొటో తీస్తాను. మహీధర్ గారికి పంపిద్దాం. మా ఇంట్లో పతకం చూపించమని ఎవరూ అడగరు."

"అబద్ధం కదనే."

"అబద్ధమే. ఎవరికి నష్టం? మీరు ఆగింది నా వల్ల. ఈ ఒక్క ఫొటోతో మీ పరుగు మీకుంటుంది."

లహరి ఫోను ఎత్తింది. నళిని వద్దనలేదు. ఇంకెప్పుడూ తెల్లవారి బూట్లు తొడుక్కోకపోవడమంటే ఏమిటో వ్యానులో కూర్చున్నంతసేపూ ఆలోచించింది. ఆ ఆలోచన చలికన్నా లోతుగా దిగింది. ఈ ఫొటో వెళితే ఆ భయం పోతుంది. కాని ఫొటో వెళితే షరతు కూడా న్యాయమైనదిగా నిలిచిపోతుంది. గెలిచింది కనుక పరుగెత్తనిచ్చారని అవుతుంది. వచ్చే ఏడు మళ్లీ గల్లాపెట్టె, మళ్లీ షరతు, మళ్లీ సాక్షులు.

ఆమె పతకం తీసి లహరి ఒళ్లో పెట్టింది. "ఫొటో వద్దు. ఫోన్ కలుపు."

అటువైపు దుకాణం సందడి వినిపించింది. "నళినీ, రాణీ కలర్ తాను ఏడ పెట్టినవ్? గిరాకీ నిలబడ్డది."

"మీదికెళ్లి రెండో వరుస."

"ఆఁ, దొరికింది. అయ్యిందా? పతకం వచ్చిందా?"

"రాలే. నడుమల ఆపిన్రు."

అటువైపు గల్లాపెట్టె మూసిన చప్పుడైంది. "పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"ఐతే ఇంక..." అని ఆగాడు మహీధర్. గెలిచిన మనిషి గొంతు కాదది. అయినా ఆ మాట అక్కడికే వెళ్తోంది. నళిని దాన్ని అక్కడి దాకా వెళ్లనివ్వలేదు.

"షరతు పెట్టింది నేనే. తప్పు పెట్టిన. నా పరుగును పందెం కట్టే పని నాకు లేకుండె, నీకు ఒప్పుకునే పని లేకుండె. ఆ మాట వాపస్ తీసుకుంటున్న. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున బాగే ఆమ్‌కు పోత. వచ్చే యేడు మళ్ల గీడికొస్త. నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

గుడారం మీద మంచువాన దడదడ కొడుతోంది. మహీధర్ ఏదో అన్నాడు. ఆ హోరులో సగమే వినిపించింది. మళ్లీ చెప్పమని ఆమె అడగలేదు. ఫోను లహరికి తిరిగి ఇచ్చి, వచ్చే ఏడు లహరి తోడు వచ్చినా రాకపోయినా వంతెన దగ్గర ఆగకూడదని నిశ్చయించుకుంది.